పైలట్ ఇంటికొచ్చిన సంచిక

మా తాతయ్య మొత్తం ఎంతమందిని చంపాడో ఆయనకే లెక్క తెలీదు. ఊళ్లకు ఊళ్లు, గ్రహాలకు గ్రహాలు. ఒకసారి కథ రెండు పేజీలు ఎక్కువైందని, కప్పులో టీ చల్లారేలోగా ఒక నక్షత్రమండలాన్ని మొత్తం లేపేశాడు. ఇంట్లో మాత్రం బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కి అమ్మని కేకేసేవాడు.

పాకెట్ సైజు సైన్స్ నవలలు, వారపత్రికల్లో సీరియళ్లు, పిల్లల బొమ్మల కథలు, చంద్రుడి మీద హత్యలు, సముద్రం అడుగున గూఢచారులు. ఏది అడిగితే అది, ఎప్పటికి కావాలంటే అప్పటికి. ఎన్ని రాశావు తాతయ్యా అంటే, "రాసేవాడికి లెక్కపెట్టే తీరికెక్కడిదే, అదేదో చదివేవాళ్లు చూసుకోవాలి" అంటాడు. కలం పేర్లు పదో పన్నెండో ఉండేవి. అన్నీ ఆయన పనిచేసే పుస్తకాల కంపెనీ పెట్టినవే, కంపెనీ సొంతం. వాటిలో ఒకాయన డాక్టరేట్ ఉన్న శాస్త్రవేత్త. ఒకావిడ పెద్ద చదువులు చదివిన పెళ్లికాని అమ్మాయి. ఆవిడకి సంబంధాలు కూడా వచ్చాయి, ఫొటోలతో సహా. శాస్త్రవేత్తకీ ఆ అమ్మాయికీ పాఠకుల ఉత్తరాల పేజీలో ఏడాదిపాటు గొడవ నడిచింది, అంగారకుడి మీద నీళ్లున్నాయా లేవా అని. రెండు వైపులా రాసింది తాతయ్యే.

"చివరికి ఎవరు గెలిచారు?" అని అడిగానొకసారి.

"పేజీ గెలిచింది. నిండింది కదా."

ఆయన సొంత పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు.

ఆ కంపెనీలో పనంతా తలకిందులుగా నడిచేది. కథ రాశాక దానికి బొమ్మ వెయ్యడం లోకం పద్ధతి. అక్కడ ముందు కవర్ వచ్చేది. రంగులు అచ్చేసే మిషన్ వేరేచోట ఉండేది, దాని దగ్గర వంతు దొరికినప్పుడల్లా కవర్లు గంపగుత్తగా వేయించి పెట్టుకునేవాళ్లు. పెయింటర్ ఆ పూట మనసుకి తోచింది వేసేవాడు. రైలుని కావలించుకున్న ఆక్టోపస్. గాజు సీసాలో ఇరుక్కున్న పోలీసు. ఎడిటర్ ఒక కవర్ తెచ్చి తాతయ్య టైపు మిషన్ పక్కన పడేసి, "దీనికి కథ, సాయంత్రానికి" అనేవాడు. హీరో ఎందుకు చచ్చాడు, రైలు ఎందుకు మునిగింది అని ఎవరైనా నిలదీస్తే ఆఫీసులో అందరి దగ్గరా ఒకటే జవాబు. కవర్ అలా వచ్చింది.

ఇంత రాసినవాటిలో జనానికి గుర్తుండిపోయింది ఒక్కటే. పైలట్. వారం వారం బొమ్మల కథగా వచ్చే, పేరూ ఊరూ లేని అంతరిక్ష పైలట్. ఒక చిన్న పని మీద బయల్దేరి దారి తప్పాడు. ఇంటి దగ్గర భార్యా, రెండు జడల పాపా ఎదురు చూస్తుంటారు. ప్రతివారం ఇల్లు కనుచూపు మేరలోకి వస్తుంది, ప్రతివారం ఏదో అడ్డం పడుతుంది. తోకచుక్కో, తిరుగుబాటో, ఇంధనం అయిపోవడమో. అలా మా అమ్మ చిన్నప్పటినుంచి నాకు ఉద్యోగం వచ్చేదాకా ఆ మనిషి ఇల్లు చేరలేదు. పైలట్‌ని మొదలుపెట్టినప్పుడు ఆర్టిస్టు పాప ఎలా ఉండాలని అడిగితే, తాతయ్య "మా పిల్లలా వెయ్యండి" అన్నాడట. అందుకని ఆ పాపకి రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. బళ్లో అమ్మని అందరూ పైలట్ కూతురు అని పిలిచేవాళ్లట. అమ్మకి పన్ను మొలిచింది. పాపకి ఇప్పటికీ మొలవలేదు.

బొమ్మల కథల్లోనూ పని తలకిందులే. తాతయ్య ఫోన్లో నాలుగు ముక్కల్లో కథ చెప్పేవాడు. ఆర్టిస్టు బొమ్మలన్నీ గీసేసి, మనుషుల నోళ్ల దగ్గర తెల్ల బుడగలు ఖాళీగా వదిలి పంపేవాడు. ఆ బుడగల్లో మాటలు తాతయ్య నింపాలి. "వాడు నోరు తెరిచి గీస్తాడు, నేను ఆ నోట్లో మాట పెట్టాలి. డెంటిస్టు పని నాది" అనేవాడు.

పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పోయాక ఆ పని నా మీద పడింది. అంటే మాటలు ఆయనవే, టైపు కొట్టడం నాది. నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు, అంటే బగ్గులు, వెతకడం నా పని. పనయ్యాక లాప్‌టాప్ పట్టుకుని తాతయ్య గదిలోకి వెళ్తే, ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని నోటితో యుద్ధాలు చేసేవాడు. చూపు కూడా బాగా తగ్గింది. అమ్మ కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. ఇక ఏ అద్దమూ పనికిరాదని ఆయనకి చెప్పింది అమ్మే, కస్టమర్‌కి చెప్పినట్టు చెప్పింది. అందుకని ఒక్కో బొమ్మలో ఏముందో నేను వర్ణించాలి, ఆయన దానికి మాట చెప్పాలి.

అమ్మ మాత్రం ఆ గదిలోకి మందులు ఇవ్వడానికి వస్తుంది, దుప్పటి మార్చడానికి వస్తుంది. కథల మాట ఎత్తదు. చిన్నప్పుడు ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉండేదనీ, లోపల టైపు మిషన్ చప్పుడు ఆగితేనే తట్టాలనీ, అది ఆగేది కాదనీ నాకు ఒకసారి చెప్పింది. అంతే.

కంపెనీ ఈ మధ్య చేతులు మారింది. కొత్త ఎడిటర్‌కి నా వయసే ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను.

"గురువుగారూ, ఒక బ్యాడ్ న్యూస్, ఒక గుడ్ న్యూస్."

"పత్రిక మూసేస్తున్నారు. ఇంక గుడ్ న్యూస్ ఏంటో చెప్పు" అన్నాడు తాతయ్య.

"మీకెలా తెలిసిందండీ?"

"బాబూ, ఆ డైలాగ్ నేను చాలామంది చేత చెప్పించాను. నీ గొంతు అచ్చం అలాగే ఉంది."

గుడ్ న్యూస్ ఏమిటంటే, చివరి సంచికలో పైలట్ ఇంటికి చేరతాడు. బొమ్మలు అప్పుడే గీయించేశారు. పాత ఆర్టిస్టు పోయి చాలాకాలమైంది, ఇప్పుడు గీసేది ఏదో ఏజెన్సీ. వాళ్లలో ఎవరూ పైలట్ చదివిన పాపాన పోలేదు. మాటలు మాత్రం తాతయ్యవే ఉండాలని ఎడిటర్ పట్టుబట్టాడట.

ఫోన్ పెట్టేశాక తాతయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోయాడనుకుని లేవబోయాను.

"కూర్చోవే. వాణ్ణి ఇంట్లో దిగబెట్టి పోతాను. అదొక్కటీ సరిగ్గా చెయ్యాలి. ఎన్నో సగం సగం చేసి వదిలేశాను. ఇదొక్కటీ."

అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేను వినలేదు.

పేజీలు వచ్చాయి. మొదటి పేజీలన్నీ ఆయన చిటికెలో నింపేశాడు. నేను "పైలట్ వెనక పెద్ద పేలుడు, ఒక బుడగ" అంటే, "'పట్టుకోండి! ఇదే చివరి మలుపు!' కొట్టు" అనేవాడు. "పొట్టివాడు ఏడుస్తున్నాడు, రెండు బుడగలు" అంటే, "ఏ పొట్టివాడు? సరేలే, 'కెప్టెన్, నన్ను వదిలి వెళ్లండి.' 'నోరు ముయ్యి, నీ బరువెంత?'" సగం శరీరం పనిచెయ్యని మనిషి అంత హుషారుగా ఉండటం చూసి నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది.

చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు.

"పేజీ అంతా ఒకటే బొమ్మ" అన్నాను. "ఇంటి గుమ్మం. పైలట్ మనకి వీపు చూపిస్తూ నిలబడ్డాడు, హెల్మెట్ చేతిలో ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. తలుపు దగ్గర పాప. ఒకే బుడగ, పాపది."

"ఊఁ. కొట్టు. 'నాన్నా, వచ్చావా!'" ఒక క్షణం ఆగి, "తీసెయ్. సోదిలా ఉంది" అన్నాడు.

తీసేశాను.

"'ఎవరండీ మీరు?'" మళ్లీ ఆగాడు. "తీసెయ్."

"'ఇంత ఆలస్యం చేశావేం?'"

"ఉంచనా?"

"తీసెయ్. 'అమ్మ లోపల...'" అన్నాడు. ఎడమ చేత్తో దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ ఉండిపోయాడు. "అదీ తీసెయ్."

ఆ వారమంతా అదే వరస. ఆక్టోపస్‌కి కూడా తడుముకోకుండా మాటలు పెట్టినాయన, తలుపు తీసిన పిల్ల ఏమంటుందో తెలీక తల పట్టుకున్నాడు. ఎడిటర్ ఫోన్ల మీద ఫోన్లు. ఆ ఒక్క పేజీ రాకపోతే సంచిక ప్రెస్సుకి వెళ్లదు.

సాయం చేద్దామని నాకు వచ్చిన విద్య వాడాను. కంపెనీ పాత సంచికలన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. పాప మాట్లాడిన చోట్లన్నీ వెతికి తెచ్చేలా చిన్న ప్రోగ్రాం రాశాను. పాప ఎలా మాట్లాడుతుందో పట్టుకుంటే, ఆ ధోరణిలో చివరి మాట తట్టొచ్చని నా ఐడియా. పాప మాటలు పెద్దగా లేవు. "అమ్మా, నాన్న ఎప్పుడొస్తాడు?" అన్నది అటూ ఇటూ తిప్పి వందల సార్లు ఉంది. మా ఆఫీసులో ఒకే ముక్కని ఇన్నిసార్లు తిప్పి ఎవరైనా కోడ్ రాస్తే తిట్టి పంపిస్తారు.

కానీ ఒకచోట ఇంకేదో తగిలింది. ఒక పాత ప్రత్యేక సంచిక. అందులో బొమ్మల్లేవు, అంతా కథే. రాసినది ఆ పెళ్లికాని అమ్మాయి పేరుతో, అంటే తాతయ్యే. కవర్ మీద ఒక ఇల్లు తగలబడుతోంది. కిటికీలో ఒక ఆడమనిషి, ఆమె నడుం పట్టుకుని ఒక చిన్నపిల్ల. కథలో శత్రువులు పైలట్ ఇంటిని తగలబెడతారు. భార్య పోతుంది. పాప పోతుంది. పాప ఎలా పోయిందో ఒక పేజీన్నర ఉంది. చాలా బాగా రాశాడు. ఆయన రాసినవాటిలో అంత బాగా రాసింది నేను ఇంకొకటి చదవలేదు.

మరుసటి వారం సంచికలో, మామూలుగానే, పాప గుమ్మంలో నిలబడి "అమ్మా, నాన్న ఎప్పుడొస్తాడు?" అంటోంది. రాసినాయనకీ గుర్తులేదు, అచ్చేసినవాళ్లకీ పట్టలేదు. అప్పటినుంచీ పైలట్ లేని ఇంటికి, లేని మనుషుల దగ్గరికి ప్రయాణం చేస్తూనే ఉన్నాడు.

నేను బగ్గులు పట్టే మనిషిని. అంత పెద్ద బగ్గు దొరికితే ఎవరికైనా చూపించకుండా ఉండలేను. అమ్మ షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాను.

"చూడవే అమ్మా, తాతయ్య ఏం చేశాడో. పాపని ఎప్పుడో చంపేసి మర్చిపోయాడు."

అమ్మ ఫోన్ వంక సరిగ్గా చూడనైనా లేదు. "తెలుసు" అంది.

"నీకు తెలుసా?"

"జుట్టు కత్తిరించే షాపులో చదివాను." చెప్పులు గోడ పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కుంది. నేను వెనకే వెళ్లాను. "మా అమ్మ పోయాక నాకు జడలు వేసేవాళ్లు లేరు. మీ తాతయ్యకి రాదు. కత్తిరించేద్దామని తీసుకెళ్లాడు. నా ముందు ఇంకెవరో ఉంటే బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ ఉందది."

"నీకప్పుడు ఎన్నేళ్లు?"

"తొమ్మిది." టవల్‌తో చేతులు తుడుచుకుంది. తడి పోయాక కూడా తుడుస్తూనే ఉంది. "నా వంతు వచ్చేసరికి చదవడం అయిపోయింది. జడలు కత్తిరిస్తుంటే ఏడ్చాను. పాపం జడల కోసం ఏడుస్తోందనుకున్నారు అందరూ."

"తాతయ్యని అడగలేదా?"

"అడక్కుండా ఎలా ఉంటాను? ఇంటికి వస్తూ దారిలో అడిగాను. పాపని ఎందుకు కాల్చేశావ్ నాన్నా అని."

"ఏమన్నాడు?"

"కవర్ అలా వచ్చిందమ్మా అన్నాడు."

అంతే చెప్పి అమ్మ అన్నం పెట్టుకుంది. నేను ఆ ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మమ్మ పోయింది ఆ నెలకి ముందు నెలలోనట. కవర్ అంతకు ముందే అచ్చయి, ఏదో అల్మరాలో పడి ఉండి ఉంటుంది. ఎడిటర్ దాన్ని తెచ్చి టైపు మిషన్ పక్కన పడేసినప్పుడు, తల్లీపిల్లా మంటల్లో ఉన్న ఆ బొమ్మ చూసి తాతయ్య ఏమనుకున్నాడో, అసలు ఏమైనా అనుకున్నాడో లేదో. సాయంత్రానికి కథ మాత్రం ఇచ్చాడు.

నేను ఆయనకి చెప్పి ఉండాల్సింది కాదేమో. కానీ చివరి సంచికలో ఇంత పెద్ద తప్పుతో పైలట్‌ని ఇంటికి పంపడం సరైందిగా అనిపించలేదు. ఇదొక్కటీ సరిగ్గా చెయ్యాలని ఆయనే అన్నాడు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని చెప్పాను.

"నేనా? పాపనా?" అన్నాడు. "ఎప్పుడు?"

చెప్పాను. పేజీన్నరలో మొదటి నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. ఆయన మొహంలో ఏమీ మారలేదు. ఎవరో రాసింది వింటున్నట్టు విన్నాడు. ఆ తర్వాత ఆయనలోని పాత పనివాడు లేచి కూర్చున్నాడు.

"ఏం పర్లేదు. దీనికో మందుంది. కాలిపోయింది పాప కాదు."

"మరి?"

"రోబో. పైలట్ భార్య తెలివైంది కదా, శత్రువులు వస్తారని ముందే పసిగట్టి, పాపని దాచేసి, దాని స్థానంలో రోబో పాపని పెట్టింది. ఒక్క బుడగలో చెప్పెయ్యొచ్చు. శుభ్రంగా అతుక్కుంటుంది."

అమ్మ అప్పుడే మందుల డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మంలో ఉంది. మొత్తం వింది.

"అయితే నేను రోబోనా నాన్నా?" అంది.

తాతయ్య ఆ వైపు తల తిప్పాడు. కనపడదు, గొంతు వచ్చిన వైపుకి తిప్పాడంతే. "నువ్వెందుకు రోబోవి? కథలో పాప గురించి."

"ఆ పాపకి నా పన్ను, నా జడలు పెట్టించావు. బళ్లో పిల్లలు వచ్చి, మీ నాన్న నిన్ను కాల్చేశాడంటగా అని అడిగారు. నేనేం చెప్పాలి అప్పుడు, రోబో అని చెప్పాలా?"

"అమ్మా..." అన్నాను నేను.

"నువ్వు ఉండవే." అమ్మ గొంతు పెంచలేదు. మాత్ర తీసి ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, గ్లాసు అందించింది. ఆయన మింగాడు. నీళ్లు గడ్డం మీదకి కారితే తుడిచింది. తుడిచేటప్పుడు మాత్రం కోపం ఏమీ లేదు ఆ చేతిలో.

గ్లాసు తీసుకుని వెళ్లిపోతుంటే తాతయ్య అన్నాడు, "తల్లీ, నువ్వే చెప్పు. వాడు అన్నేళ్లకి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. పాప తలుపు తీసింది. ఏమంటుంది? నాకు తట్టట్లేదే."

ఫ్యాను తిరుగుతోంది, పక్కింట్లో మిక్సీ ఆడుతోంది. అమ్మ గ్లాసులో మిగిలిన నీళ్లని కిటికీలో ఉన్న మొక్క కుండీలో పోసింది.

"ఏమీ అనదు" అంది.

"ఏదో ఒకటి అనాలి కదా. బుడగ ఉందక్కడ."

"బుడగ ఉందని అంటారా ఎవరైనా? తలుపు తీస్తుంది. అంతే. ఏమీ అనదు."

తాతయ్య సాయంత్రందాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎవరి మీదా అలిగినట్టు లేడు, దేనికో లెక్క చూసుకుంటున్నట్టు ఉన్నాడు. సాయంత్రం ఫైల్ తెరిచి అడిగాను, ఏం పెట్టమంటావని. "రేపు చూద్దాం" అన్నాడు.

ఆ రేపు అలా గడవలేదు. పొద్దున ఆయన నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆస్పత్రి, స్కానింగు, లిఫ్ట్ కోసం నిలబడటం, బయట ప్లాస్టిక్ కుర్చీల్లో అమ్మా నేనూ. డాక్టర్ స్కాన్ చూపించి వేలితో ఒక మచ్చ తర్వాత ఒక మచ్చ ముట్టుకుంటూ వెళ్లింది. ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి అంది. అంటే ఏమిటో మా ఇద్దరికీ అర్థమైంది.

ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే ఉండగా ఎడిటర్ ఫోన్ చేశాడు. విషయం చెప్పాను. పాపం, బాధపడ్డాడు. బాధపడ్డాక పేజీ అడిగాడు.

అమ్మ వైపు చూశాను. "ఏం పంపను?"

"చెప్పాను కదా."

పేజీని అలాగే పంపేశాను. కింద నోట్ కూడా పెట్టాను, బుడగ ఖాళీగానే ఉంచమని, కావాలనే అలా వదిలామని. పంపాక ఎందుకో తేలిగ్గా అనిపించింది. తాతయ్య ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అమ్మ చేత ఒక్క మాట రాయించలేదు, ఇప్పుడు చివరి పేజీ అమ్మది అయిందని.

సంచిక వచ్చేసరికి తాతయ్య ఇంట్లోనే ఉన్నాడు. రోజులో ఎక్కువసేపు నిద్ర. మెలకువ వచ్చినప్పుడు కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండవు. పేజీ సంగతి, అమ్మని అడిగిన సంగతి, ఆ ఆదివారం, ఏవీ లేవు. పైలట్ మాత్రం ఉన్నాడు. "వాడు చేరాడా?" అని రోజూ అడిగేవాడు. పుస్తకం రావాలి తాతయ్యా, వస్తుంది అనేదాన్ని.

పోస్టులో వచ్చిన కవర్ చింపి, మెట్ల దగ్గరే నిలబడి చివరి పేజీ తెరిచాను.

బుడగ నిండి ఉంది. "నాన్నా!!! నాకు తెలుసు, నువ్వు తప్పకుండా వస్తావని!!!"

ఎడిటర్‌కి ఫోన్ చేశాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీలేదు కాసేపు.

"అయ్యో మేడం, నోట్ పెట్టారా? అది లేఅవుట్ వాళ్లదాకా వెళ్లినట్టు లేదు. ఖాళీ బెలూన్ కనపడితే మర్చిపోయారనుకుంటారు మేడం, అది ఇక్కడ రూల్. ఎవరు చూస్తే వాళ్లు ఏదో ఒకటి పెట్టి పంపేస్తారు. ఖాళీగా వెళ్తే ప్రెస్ వాళ్లు ఆపేస్తారు కదా." మళ్లీ తనే, "నిజం చెప్పాలంటే బాగుంది మేడం. మా ఆఫీసులో ఇద్దరు ఏడ్చారు" అన్నాడు.

ఆ రూల్ పెట్టింది తాతయ్య కాలంవాళ్లే అయి ఉంటారు. ఆయనే అయినా ఆశ్చర్యం లేదు. నేను పైకి వెళ్లి, సంచికని అల్మరాలో బట్టల కింద పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా ఆఫీసు నుంచి కాల్ వచ్చింది, దాన్ని భోజనాల బల్ల మీద వదిలేసి నా గదిలోకి వెళ్లాను.

బయటికి వచ్చేసరికి సంచిక బల్ల మీద లేదు. తాతయ్య గదిలోంచి అమ్మ గొంతు వినపడుతోంది. గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగిపోయాను. అమ్మ మంచం పక్కన నా కుర్చీలో కూర్చుని, సంచిక ఒళ్లో పెట్టుకుని చదువుతోంది. జీవితంలో మొదటిసారి ఆయనకి ఆయన కథ చదివి వినిపిస్తోంది. గొంతులో ఎత్తుపల్లాలేమీ లేవు, పేలుళ్లన్నీ చదునుగా అయిపోతున్నాయి.

"'పట్టుకోండి. ఇదే చివరి మలుపు.' 'కెప్టెన్, నన్ను వదిలి వెళ్లండి.' 'నోరు ముయ్యి, నీ బరువెంత.'"

తాతయ్య గొంతులో ఏదో కదిలింది. నవ్వాడనుకుంటా.

అమ్మ పేజీ తిప్పింది. చివరిది. బుడగ నింపేశారని చెప్పడానికి నోరు తెరిచాను, కానీ అప్పటికే చూసేసింది. ఆమె భుజం మీదుగా నాకూ కనపడుతోంది. గుమ్మం, వీపు, హెల్మెట్, ముందు పన్ను లేకుండా నవ్వుతున్న పాప, పాప నోటి పక్కన లావుపాటి అక్షరాలు. అమ్మ కళ్లు ఆ అక్షరాల మీద ఉన్నాయి. పుస్తకం పట్టుకున్న బొటనవేలు కొంచెం కొంచెంగా జరిగి ఆ బుడగ మీదకి వచ్చి ఆగింది.

"ఇంటికి వచ్చాడు" అంది. "గుమ్మంలో ఉన్నాడు."

"ఊఁ." తాతయ్య మాట నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంది. "తలుపు?"

"తెరిచి ఉంది. పాప తీసింది."

"ఏమంది?"

చదివేస్తే అయిపోయేది. ఎవరో ముక్కూమొహం తెలియని లేఅవుట్ కుర్రాడు పెట్టిన నాలుగు మాటలు, మూడేసి ఆశ్చర్యార్థకాలతో. పోబోతున్న మనిషికి ఆ నాలుగు మాటలు చదివి వినిపిస్తే ఎవరి సొమ్మూ పోదు. చదువుతుందనే అనుకున్నాను. చదవాలని కూడా కోరుకున్నాను, ఆ క్షణంలో.

"ఏమీ లేదు నాన్నా" అంది అమ్మ. "ఖాళీగా ఉంది."

తాతయ్య కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "నేను నింపలేదా?"

"నన్ను అడిగావు."

"నువ్వేమన్నావు?"

"నేనేమీ అనలేదు."

ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ వెతికింది. అమ్మ ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు, పక్కకి తోయనూ లేదు. కాసేపటికి అది దానంతట అదే ఆగిపోయింది.

"సరే" అన్నాడు. ఊపిరి కూడదీసుకుని, "మరి లోపలికి వెళ్లాడా వాడు?"

అమ్మ సంచిక వెనక్కి తిప్పి చూసింది. వెనక అట్ట మీద ఏదో టూత్‌పేస్ట్ ప్రకటన.

"తర్వాతి పేజీ లేదు నాన్నా" అంది.